పరస్థానం పెట్టిన పెట్టె

మల్కాపురం, విశాఖపట్నం
ఆగస్టు 19

చి. సత్యకి,

మేనత్త వెంకటరమణమ్మ దీవెనలు. ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నానత్తా" అంటావు. వాట్సాప్‌లో అక్షరాలు నొక్కడం నా వల్ల కాదు. అందుకే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను. నువ్వూ చేతిరాతతోనే రాసి పంపు. టైపు చేసిన మాటల్లో కోపమేదో ప్రేమేదో నాకు తెలియడం లేదు.

విషయం చెప్తాను, కూర్చునే చదువు. మా కోలాటం బృందాన్ని మలేషియా పిలిచారు! పెనాంగ్ అనే ఊళ్ళో తెలుగువాళ్ళు దీపావళికి కోలాటం పోటీ పెడుతున్నారట. టిక్కెట్లు, బస వాళ్ళవే. పన్నెండుమందిమి వెళ్తున్నాం. మా జట్టు సంగతి నీకు తెలుసు కదా, సగంమంది పోర్టు, రిఫైనరీ ఉద్యోగుల ఇళ్ళ ఆడవాళ్ళం, సగంమంది జాలరి ఇళ్ళవాళ్ళు. ఈ ఊళ్ళో ఏ ఉత్సవమైనా స్టేజీ ఎక్కేది ఖరీదైన బృందాలే. మాకు ఎప్పుడూ ఊరేగింపులో చివరి వరస, ట్రాక్టరు పొగలో. "మల్కాపురం బృందం" అని మైకులో సరిగ్గా పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఆ పిలుపు ఒక్కసారి చెవులారా వినాలని ఉందే నాకు. ఇంకే కోరికా లేదు.

మీ మావయ్యకి మాత్రం ఇదంతా వేళాకోళం. "ఈ వయసులో గెంతడానికి విమానమెక్కి వెళ్తావా? అక్కడ కాలు విరిగితే ఆసుపత్రి బిల్లు ఎవడు కడతాడు?" అని, పోర్టులో క్రేన్ మీద నుంచి అరిచినట్టు అరిచాడు. మిగతా ఇళ్ళల్లోనూ ఇదే మాట. జట్టులో జాలరి పిల్ల దుర్గ మొగుడైతే "మీ పూచీ మీద పంపుతన్నాను పిన్నీ" అన్నాడు. పూచీ పడ్డాను గానీ, లోపల బెదురుగానే ఉంది.

ప్రయాణానికి బీమా అని ఒకటుందట కదా. అది ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు? నువ్వు పొద్దస్తమానం బీమా కంపెనీలోనే ఉంటావు. అర్థమయ్యేలా రాయి. మీ మావయ్యకి చదివి వినిపిస్తాను.

నీ అత్త

*

హైదరాబాద్
ఆగస్టు 23

అత్తకి నమస్కారాలు.

నీ ఉత్తరం ఆఫీసులోనే చదివి గట్టిగా నవ్వాను. పక్క సీటు అమ్మాయి లాటరీ తగిలిందా అని అడిగింది.

ముందే ఒక మాట. నా ఉద్యోగం క్లెయిముల విభాగంలో. జనం డబ్బులు అడుగుతూ రాస్తారు, నేను "కుదరదు" అని మర్యాదగా రాస్తాను. అందుకని ఏది కుదరదో నాకు బాగా తెలుసు. మా కంపెనీ పాలసీ నీకు వద్దు, చుట్టాల కాగితాలు నా దగ్గరికి రాకూడదు. వేరే కంపెనీది తీసుకో.

ఇప్పుడు విను. అక్కడ హఠాత్తుగా జబ్బు చేసినా, పడి కాలు విరిగినా ఆసుపత్రి ఖర్చు బీమా భరిస్తుంది. మావయ్యకి ముందు ఇది చెప్పు. అయితే ముందునుంచీ ఉన్న జబ్బు దాచిపెట్టి, అక్కడ దాని మూలంగానే పడిపోతే, ఒక్క పైసా రాదు. షుగరు, బీపీ, ఎప్పుడో చేసిన ఆపరేషన్, అన్నీ ముందే చెప్పాలి. చెప్తే ప్రీమియం కాస్త పెరుగుతుంది, అంతే. పాస్‌పోర్టు పోతే కొత్తది తీయించుకునే ఖర్చు ఇస్తారు. విమానంలో వేసిన సామాను పోతే ఇస్తారు. సామాను పోకుండా ఆలస్యమైతే కూడా ఇస్తారు, కానీ పన్నెండు గంటలు దాటాలి, పైగా ఆ లోపల తప్పనిసరి అయి కొనుక్కున్నవాటికే. సముద్రం ఒడ్డున సంచీ వదిలేసి స్నానానికి దిగితే, వచ్చేసరికి అది మాయమైతే, అది నీ ఖర్మ. చివరి నిమిషంలో వెళ్ళాలనిపించక మానేసినా అంతే. వెళ్ళాలనిపించకపోవడానికి బీమా లేదత్తా.

అన్నిటికంటే ముఖ్యం, ఏది జరిగినా అక్కడే, అప్పుడే కాగితం రాయించుకోవాలి. ఇంటికొచ్చాక ఏడిస్తే ఎవరూ వినరు. నేనసలే వినను.

సత్య

*

మల్కాపురం
అక్టోబరు 16, గురువారం

చి. సత్యకి,

నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. చివరి మాటకి జాలరి ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. "మీ మేనకోడలు రాకాసక్కా" అంది సూర్యకాంతమ్మ. మెచ్చుకోలుగానే అంది, నొచ్చుకోకు.

సూర్యకాంతమ్మ అంటే మా పక్కిల్లే. హార్బరులో చేపలు కొని అమ్ముతుంది, కోలాటంలో నా తర్వాత గొంతు ఆమెదే. ఆమెకి షుగరు ఉంది. ఫారం నింపే అబ్బాయి అడిగితే "నాకేటీ నేదు బాబూ, గుర్రంలాగున్నాను" అంది. బయటికి తీసుకెళ్ళి అడిగితే అసలు మాట చెప్పింది. "సంద్రం మీద ఏటకెల్లేటప్పుడు సెడ్డ మాట నోట రానియ్యకూడదక్కా. జబ్బు పేరెత్తితే జబ్బు కూడా పడవెక్కుద్ది." నేను ఊరుకోలేదు. అక్కడ పడిపోతే ఎవరు కడతారే అని ఒప్పించి రాయించాను. ప్రీమియం పెరిగింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆమెను అన్నాను గానీ నా పట్టింపులు నాకూ ఉన్నాయి. మా ప్రయాణం శనివారం. శనివారం తూర్పుకి వారశూల, అటు బయల్దేరకూడదు. టిక్కెట్టు మార్చరు కదా. అందుకని మా అమ్మ చేసినట్టే చేశాను. ఈ పొద్దున మంచి ఘడియ చూసి, కోలలు, గజ్జెలు, పట్టుచీరలు, పాటల పెన్‌డ్రైవ్ ఉన్న పెద్ద పెట్టెను గడప దాటించి సూర్యకాంతమ్మ ఇంట్లో పరస్థానం పెట్టేశాను. సామాను ముందు బయల్దేరితే మనిషి బయల్దేరినట్టే. ఇక శనివారమేమిటి, ఏ శూలైనా మనల్ని ఏమీ చేయలేదు.

నీ అత్త

*

హైదరాబాద్
అక్టోబరు 16, సాయంత్రం

అత్తా,

వెంటనే ఆ పెట్టె ఇంటికి తెచ్చుకో. విప్పి, నీ చేత్తో మళ్ళీ సర్ది, నువ్వే తాళం వెయ్యి. ఎయిర్‌పోర్టులో "ఈ పెట్టె మీరే సర్దారా, సర్దినప్పటినుంచీ మీ దగ్గరే ఉందా" అని అడుగుతారు. పక్కింట్లో ఉందంటే అనుమానిస్తారు. తెచ్చుకోకపోతే నీ ఇష్టం, కానీ అడిగినప్పుడు అబద్ధం మాత్రం ఆడకు. అబద్ధం ఆడినవాళ్ళ క్లెయిములు నేను ఎన్ని చెత్తబుట్టలో వేశానో నీకు తెలియదు.

సత్య

*

పెనాంగ్
అక్టోబరు 19, ఆదివారం

సత్యా,

నీ మాట వినలేదు. పరస్థానం పెట్టిన పెట్టె మళ్ళీ గడప లోపలికి తెస్తే ప్రయాణం రద్దు చేసుకున్నట్టే. ఎలా తెస్తాను?

ఎయిర్‌పోర్టులో నువ్వు చెప్పినట్టే అడిగింది కౌంటరు అమ్మాయి. అబద్ధం ఆడకు అన్నావు. ఆడలేదు. "లేదమ్మా, రెండు రోజులు పక్కింట్లో ఉంది" అన్నాను. ఆ అమ్మాయి ముఖం మారిపోయింది. సూర్యకాంతమ్మ నన్ను తోసుకుని ముందుకొచ్చి, "నా ఇంట్లోనే ఉందమ్మా. రెండు రేత్రులూ నాను ఆ పెట్టి పక్కనే పడుకున్నాను. సీమైనా దూరనేదు" అని సాక్ష్యం చెప్పింది. ఇంకేముంది! సెక్యూరిటీ వాళ్ళొచ్చి పెట్టెను పక్కకి లాగేశారు. చీరలు దులిపారు, గజ్జెలు మోగించారు, కోలలు ఒక్కొక్కటీ మెషిన్‌లోకి పంపి చూశారు. నేను పరస్థానం గురించి వివరిస్తుంటే వాళ్ళలో పెద్దాయన నవ్వాపుకోలేక, "మా మామ్మ కూడా పెట్టేదండీ" అన్నాడు. కాగితం మీద రాసి, ముద్ర వేసి నా చేతికిచ్చి, పెట్టెను విమానానికి పంపించేశాడు. మమ్మల్నీ పంపించాడు.

కౌలాలంపూర్‌లో విమానం మారాం. నిన్న సాయంత్రం ఇక్కడ దిగాక అందరి సంచులూ వచ్చాయి, ఆ పెట్టె రాలేదు. తెల్లారింది, ఇప్పటికీ రాలేదు. రేపు సాయంత్రమే పోటీ. కోలలు లేవు, చీరలు లేవు, పాట లేదు. ఎవరూ నన్ను తిట్టడం లేదు. తిడితే బాగుండును. దుర్గ నా కంచంలో అన్నం పెడుతూ నా ముఖం చూడడం లేదు. వీళ్ళందరినీ నా పూచీ మీద తెచ్చాను. నా పట్టింపే ఆ పెట్టెను ఆపింది. బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను సత్యా, నీకు కాక ఇంకెవరికి చెప్పను?

నీ బీమాలో దీనికేమైనా ఉందా?

*

హైదరాబాద్
అక్టోబరు 19

అత్తా,

ఏడుపు ఆపు. ముఖం కడుక్కుని ఇది చదువు.

ఇప్పుడే దుర్గని తీసుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్ళు. విమానం కంపెనీ సామాను కౌంటరులో పెట్టె రాలేదని రాతపూర్వకంగా రిపోర్టు తీసుకో. ఎక్కడ ఆగిందో కూడా అందులో రాయమను. "వచ్చేస్తుంది, వెళ్ళండి" అంటారు, కాగితం ఇచ్చేదాకా కదలకు. క్రేన్ ఆపరేటరు పెళ్ళానివి, గొంతు లేదా నీకు?

పన్నెండు గంటలు దాటాయి కాబట్టి కట్టుకోవడానికి చీరలు కొనండి. బట్టలు తప్పనిసరి వస్తువులే. ప్రతి దానికీ బిల్లు తీసుకో. కోలలు మాత్రం తప్పనిసరి వస్తువులని ఏ కంపెనీ ఒప్పుకోదు. పాలసీ రాసినవాడు కోలాటం చూసి ఉండడు. వాటి సంగతి మీరే చూసుకోవాలి.

పెట్టె నీ పట్టింపు వల్లే ఆగిందో లేదో ఇంకా తెలియదు. తెలియకుండా నేరం నెత్తిన వేసుకోకు. మా ఆఫీసులో ఆ పని చేయడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్నాం.

సత్య

*

పెనాంగ్
అక్టోబరు 21

నా తల్లీ సత్యా,

గొంతు బొంగురుపోయింది, కాళ్ళు వాచాయి. అయినా రాయకుండా ఉండలేను.

నువ్వు చెప్పినట్టే ఎయిర్‌పోర్టుకి వెళ్ళాను. వెళ్ళండి అన్నారు, నేను వెళ్ళలేదు. కాగితం ఇచ్చారు. అక్కడినుంచి చీరల కొట్టుకి వెళ్ళాం. ఒకే రంగువి పన్నెండు దొరకలేదు. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ నూలుచీరలు నాలుగేసి తీసుకున్నాం. బిల్లు అడిగి మరీ తీసుకున్నాను.

తిరిగి వచ్చేసరికి సూర్యకాంతమ్మ బసలో లేదు. ఇక్కడ సముద్రంలోకి చెక్కల వంతెనలు వేసుకుని వాటి మీదే ఇళ్ళు కట్టుకున్న చీనా జాలర్లు ఉన్నారు. వాసన పట్టుకుని అక్కడికి పోయిందట. భాష రాదు, పలకరింపు రాదు. ఒక ముసలమ్మ తడికెల మీద చేపలు ఎండబెడుతుంటే ఈవిడ వెళ్ళి పక్కన కూర్చుని చేపలు తిరగేయడం మొదలుపెట్టిందట. ఎండు చేపను తోక పట్టి తిప్పే తీరు చూసి ముసలమ్మకి అర్థమైపోయింది, ఈవిడ మన మనిషేనని. సాయంత్రానికి సూర్యకాంతమ్మ మోపెడు వెదురుకర్రలతో వచ్చింది. ముసలమ్మ కొడుకే సమానంగా కోసి ఇచ్చాడట. "డబ్బులు తీసుకోనేదక్కా, నవ్వుతాది అంతే" అంది.

రాత్రి ఆ కర్రలతో ఆడి చూశాం. మన కోలలు టకటకమని మోగుతాయి. ఇవి లావు, లోపల డొల్ల. డుబ్బుమంటున్నాయి. నేను నేర్పిన వేగం వాటితో రావడం లేదు. పోటీకి అనుకున్న ఆట పూర్తిగా చెడింది. అప్పుడు దుర్గ మెల్లగా అంది: "పిన్నీ, ఈ కర్రకి మన వల పాటే సరిపోద్ది."

వల పాట అంటే ఒడ్డున నిలబడి పెద్దవల లాగేటప్పుడు పాడేది. వీళ్ళు ఎన్నోసార్లు అడిగారు, నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. "స్టేజీ మీద చేపల పాటలేమిటే, దేవుడి పాటలుండగా" అని కసిరేదాన్ని. ఇప్పుడు దేవుడి పాటలు పెట్టెలో ఉన్నాయి, పెట్టె ఎక్కడుందో దేవుడికే తెలియాలి. గురువుని కదా, నోరు తెరిచి అడగాలంటే సిగ్గేసింది. అయినా అడిగాను. "సూర్యకాంతం, నువ్వు నేర్పు. నేను నేర్చుకుంటాను" అన్నాను. ఆమె ఒక వెదురుకర్ర నా చేతిలో పెట్టి, "అయితే కొంగు బిగించక్కా, ఇది వొంగి ఆడాలి" అంది. తప్పు అడుగు వేసినప్పుడల్లా నా పిక్క మీద కర్రతో తట్టింది. పన్నెండేళ్ళుగా నేను కొట్టిన దెబ్బలన్నీ ఒక్క రాత్రిలో వసూలు చేసుకుంది!

పోటీలో మాకంటే ముందు ఏడు బృందాలు ఆడాయి. అన్నీ ఒకే రంగు పట్టుచీరలు, రికార్డు పాటలు. మా వంతు వచ్చింది. పాట ఏదని అడిగితే, "మేమే పాడతాం" అన్నాను. సూర్యకాంతమ్మ గొంతెత్తింది:

"లాగండమ్మో లాగండి, ఒడ్డు దగ్గరకొచ్చింది,
బరువెక్కింది వల, బతుకిచ్చింది అల..."

మేం పదకొండుమందిమి "హైలెస్సా" అని వంగి, లేచి, వెదురు కలిపాం. డుబ్బు, డుబ్బు! ఆ చప్పుడు చెవికి కాదే, గుండెకి తగిలింది. రెండో చరణానికి జనం చేతులతో తాళం వేశారు. మూడో చరణానికి "హైలెస్సా" వాళ్ళదే అయిపోయింది. ఎప్పుడో మూడు తరాల కింద రబ్బరు తోటల పనికి వచ్చినవాళ్ళ మనవలు, తెలుగు సరిగ్గా రానివాళ్ళు కూడా లేచి నిలబడి అరిచారు. ఒక పెద్దావిడ మా దగ్గరకొచ్చి సూర్యకాంతమ్మ చేతులు పట్టుకుని వదల్లేదు.

మొదటి బహుమతి మాకే. "విశాఖపట్నం, మల్కాపురం బృందం" అని మైకులో మూడు సార్లు పిలిచారు. మొదటిసారి పిలిచినప్పుడు నేను కదల్లేకపోయాను. సూర్యకాంతమ్మే వీపు మీద చరిచి, "నిన్నేనక్కా పిలుత్తన్నారు, నడు" అంది. ఆమె చెయ్యి పట్టుకునే ఎక్కాను.

మీ మావయ్య ఫోనులో అంతా చూశాడట. కేకలు వేస్తుంటే ఏమైందోనని ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చారట. వచ్చిన వాళ్ళందరికీ ఆయనే టీలు పెట్టి ఇచ్చాడు!

పెట్టె ఈ పొద్దున బసకి వచ్చింది. మేం విప్పనైనా లేదు.

నీ అత్త

*

హైదరాబాద్
డిసెంబరు 12

అత్తకి,

ఇన్నాళ్ళూ "పరిశీలనలో ఉంది" అని దాటవేశాను. ఇప్పుడు నిజం చెప్తాను. నీ తరఫున నేను వేసిన చీరల క్లెయిమును ఆ కంపెనీ నవంబరు మొదట్లోనే తిరస్కరించింది. నీకు చెప్పలేదు. పండగ ముఖంతో ఉన్నావు, పాడు చేయాలనిపించలేదు.

వాళ్ళు చెప్పిన కారణాలు రెండు. సెక్యూరిటీ తనిఖీ వల్ల ఆలస్యమైతే పాలసీ వర్తించదు. పైగా పెట్టె రెండు రోజులు పరాయి ఇంట్లో ఉంది, కాబట్టి ప్రయాణంలో సామాను పట్ల జాగ్రత్త తీసుకోలేదు. సరిగ్గా నేను రాసే భాషే. చదువుతుంటే నా అక్షరాలు నాకే ఎదురొచ్చినట్టయింది. ఇలాంటి ఉత్తరం అందుకున్నవాళ్ళు ఇంట్లో కూర్చుని ఏమనుకుంటారో ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు. సిగ్గేసింది, తర్వాత ఒళ్ళు మండింది.

నీ తరఫున జవాబు రాశాను. సెక్యూరిటీ ఆయన ముద్ర వేసిన కాగితం ఉందిగా, పెట్టె తనిఖీ అయి అదే విమానానికి వెళ్ళిందని అందులో ఉంది. నువ్వు కదలకుండా నిలబడి తీసుకున్న రిపోర్టులో, కౌలాలంపూర్‌లో దించాక రెండో విమానానికి ఎక్కించడం మరిచారని ఉంది. కాబట్టి నీ పట్టింపు దేన్నీ ఆపలేదత్తా. నిజం చెప్పావు కాబట్టే ఆ మొదటి కాగితం పుట్టింది. అబద్ధం ఆడి ఉంటే మన చేతిలో ఏమీ ఉండేది కాదు.

ఇక రెండో కారణం. పాలసీ ప్రకారం ప్రయాణం మొదలయ్యేది నువ్వు ఇల్లు వదిలిన శనివారం. "గురువారం పక్కింట్లో పెట్టిన పెట్టె అప్పటికే ప్రయాణంలో ఉందని మీరు అంటున్నారంటే, పరస్థానాన్ని మీ కంపెనీ నమ్ముతోందన్నమాట. అలాగైతే పాలసీని కూడా గురువారం నుంచే లెక్కించండి" అని రాశాను. వారం రోజులు జవాబు లేదు. మళ్ళీ రాశాను. బీమా ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తానని మూడోసారి రాశాను.

నిన్న ఒప్పుకున్నారు! పన్నెండు చీరలకీ డబ్బు వస్తోంది. నా సీట్లో లేచి నిలబడి "హైలెస్సా" అన్నాను. మేనేజరు తలుపు తీసి చూశాడు. ఈసారి మావయ్యలాగే నేనూ అందరికీ టీ ఇప్పించాను.

ఈరోజు నా బల్ల మీదకి ఇంకెవరిదో పెట్టె ఆలస్యమైన కాగితం వచ్చింది. "కుదరదు" అని రాసే ముందు, ఇన్నేళ్ళలో మొదటిసారి, వాళ్ళకి ఫోన్ చేశాను.

సత్య

*

మల్కాపురం
డిసెంబరు 20

నా బంగారు సత్యకి,

నీ ఉత్తరం కోలాటం ప్రాక్టీసులో అందరి ముందూ చదివాను. సూర్యకాంతమ్మ మొత్తం విని, "ఆ పిల్ల రాకాసి కాదక్కా, మన పిల్లే" అంది. నువ్వు నా కోసం అంత యుద్ధం చేసి, ఒక్క మాట చెప్పకుండా కూర్చున్నావే! నాకు కోపం రావాలి, రావడం లేదు. నిన్ను ఎత్తుకుని తిరిగిన చేతులు ఈ రోజు గర్వంతో నిలవడం లేదు.

మరో సంగతి. కొత్త సంవత్సరానికి బీచ్ రోడ్డులో వేసే పెద్ద స్టేజీ మీద ఆడమని కబురొచ్చింది. చివరి వరస కాదు, మొదటి ప్రదర్శన మాదే. కబురు తెచ్చినాయన, "మేడమ్, మీరు ముందు నిలబడి జట్టుని నడిపించాలి" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. వల పాటకి ముందు నిలబడాల్సింది వల లాగినవాళ్ళు. సూర్యకాంతమ్మ ముందుంటుంది, నేను రెండో వరసలో ఆమె వెనక ఉంటాను. ఆమె నమ్మలేదు. "ఏటక్కా, నిజంగానే అంతన్నావా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. మర్నాడు ప్రాక్టీసుకి అందరికంటే ముందొచ్చి, మధ్యలో నిలబడి ఉంది.

నువ్వు సెలవు పెట్టి రా. ఆమె "లాగండమ్మో" అని గొంతెత్తినప్పుడు, బీచ్ రోడ్డంతా "హైలెస్సా" అంటుంది. ఆ గొంతుల్లో నీది కూడా ఉండాలి.

నీ అత్త,
వెంకటరమణమ్మ,
రెండో వరస, మల్కాపురం బృందం